చెంప లోపలి గడ్డం

ఆపరేషన్ అయిన మూడో నెలలో ఒక ఉదయం పళ్లు తోముకుంటుంటే, ఎడమ చెంప లోపల మైకు నాలుకకి ఏదో గరుగ్గా తగిలింది. కుట్టు దారం ఇంకా కరగలేదేమో అనుకున్నాడు. మర్నాడు ఇంకాస్త గుచ్చుకుంది. నాలుగో రోజున భార్యని పిలిచి నోరు తెరిచాడు. ఆమె దర్జీ. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు తెచ్చుకుని, ఫోన్ లైటు వేసి లోపలికి చూసింది. చెంపని వేలితో పక్కకి లాగి మళ్లీ చూసింది.

"ఏంటే? మళ్లీ వచ్చిందా?"

"అది కాదు. వెంట్రుకలండీ."

"ఎవరివి?"

"ఎవరివేంటి, మీవే. తెల్లవి. మొలిచాయి."

మైకు అన్నది అతని అసలు పేరు కాదు. ఇరవై ఆరేళ్లుగా బస్‌స్టేషన్‌లో ఏ బస్సు ఎక్కడికొచ్చి ఆగుతుందో, ఏది ఎంత ఆలస్యమో చెప్పే గొంతు అతనిదే కాబట్టి ఆ పేరు పడింది, ఇంటిదాకా వచ్చింది. చెంప లోపల మానని పుండు కేన్సర్ అని తేలినప్పుడు, "ఏం నమిలేవారు?" అని అడగని మనిషి లేడు. పొగాకు ముఖం చూడనివాడికి ఆ ప్రశ్న వింటే ఒళ్లు మండేది. "ఇరవై ఆరేళ్లు బస్సుల పేర్లు నమిలాను, చాలా?" అనేవాడు.

పెద్ద డాక్టరు ఆ పుండుతోపాటు చెంప లోపలి పొరనంతా తీసేశాడు. ఆ ఖాళీలో మైకు ఛాతీ మీది చర్మాన్ని, కింది కండతో సహా తిప్పి తెచ్చి, అరచేతిలో సగమంత ముక్క కుట్టాడు. ప్రాణం నిలిచింది. చర్మమూ బతికింది. చర్మం బతికితే దాని వెంట్రుకలూ బతుకుతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. చొక్కా కింద ఇన్నేళ్లూ ఎవరికీ అడ్డురాకుండా నెరిసిన వెంట్రుకలు ఇప్పుడు నోట్లో, తడిలో, పళ్ల పక్కన ఏపుగా పెరగసాగాయి.

వాటితో బతకడం ఎలా ఉంటుందో చెబితే వినేవాళ్లు ముందు ముఖం చిట్లించేవాళ్లు, తర్వాత నవ్వేవాళ్లు. ముద్ద నమిలితే మెతుకులు వాటికి చిక్కుకునేవి. ఎంత పుక్కిలించినా పోయేవి కావు, సాయంత్రానికి వాసన వేసేది. పొడుగ్గా పెరిగినవి నాలుక వెనక్కి వెళ్లి కొండనాలుకకి తగిలితే తిన్నదంతా బయటికి వచ్చేసేది. మైకు పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేశాడు. ఇంట్లో కూడా గోడవైపు తిరిగి తినేవాడు.

మాటా చెడింది. ఎడమ చెంపలో ఎప్పుడూ లాలాజలం నిలిచి ఉండటంతో, 'స' అంటే 'ష' వినిపించేది. వారం రోజులు చూసి, స్టేషన్ మేనేజరు ఎవరో అమ్మాయి గొంతుతో రికార్డింగ్ పెట్టించి, మైకుని పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టాడు. టికెట్ల కౌంటర్లో ఉండే పాత స్నేహితుడు ఒకడు, నలుగురి ముందు, "మైకుకి లోపల బూజు పట్టిందిరా, ఎవరైనా దులపండి" అన్నాడు. మైకు చేతికందిన గొడుగు విసిరాడు. ఎవరో పోగొట్టుకున్న గొడుగు అది. గోడకి తగిలి విరిగింది. దానికి అతనే సంజాయిషీ రాసి ఇవ్వాల్సి వచ్చింది. అతనికి అంతకుముందు కోపం వచ్చి పోయేది. ఆ రోజు నుంచి వచ్చి ఉండిపోయింది.

పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తే నోరు కూడా తెరిపించలేదు. ఫైలు తిరగేస్తూ, "కేన్సర్ పూర్తిగా పోయింది. అది చూసుకోండి ముందు. వెంట్రుకలదేముంది, కత్తిరించుకోండి" అన్నాడు.

పక్కనున్న చిన్న డాక్టరు ఓదార్చబోయాడు. "రేడియేషన్ ఇచ్చి ఉంటే చాలావరకు రాలిపోయేవండీ. మీకు ఆ అవసరం పడలేదు. ఒకరకంగా అదృష్టవంతులు."

"ఇలాంటి అదృష్టం మీ ఇంటాయనకి పడితే తెలుస్తుంది" అని మైకు భార్య గొణిగింది. ఆ చిన్న డాక్టరుకి ఇంకా పెళ్లే కాలేదు, పైగా మగవాడు. కోపంలో ఆమె అది గమనించలేదు.

కత్తిరించడం వాళ్లకి తెలియక కాదు. గోళ్ల కత్తెరతో ప్రతి ఆదివారం ఆమె కత్తిరించేది. కత్తిరిస్తే మొదళ్లు ముళ్లలా నాలుకని గీరేవి. పట్టకారుతో పీకితే పది రోజులు హాయిగా ఉండేది. తర్వాత అవి చర్మం లోపలే మెలితిరిగి, చీము పట్టి, చెంప వాచేది. లేజర్ చేసే చోటికి వెళ్తే, కౌంటర్లో అమ్మాయి అతని నోరు చూసి, తలుపువైపు ఓ కన్నేసి, గొంతు తగ్గించి చెప్పింది. "లేజర్ నల్లరంగుని పట్టుకుంటుందండీ. వెంట్రుకలోని నలుపు ఆ వెలుగుని పీల్చుకుని వేడెక్కితేనే వేరు చస్తుంది. మీవి తెల్లవి. మా మిషనుకి కనిపించనే కనిపించవు. సూదితో వెంట్రుకలు తీసే ఆవిడ ఉంది, సూదులమ్మ అంటారు, ఆమె దగ్గరికి వెళ్లండి."

సూదులమ్మ గది చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. వెనక్కి వాలే కుర్చీ ఒకటి, దాని మీదికి వంగిన గుండ్రటి భూతద్దం లైటు, చెప్పుల డబ్బా అంత మిషను. బయట బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్లు గడ్డం కప్పేలా చున్నీ చుట్టుకుని కూర్చున్నారు. మగవాడు లోపలికి రాగానే ముగ్గురూ తలలు తిప్పుకున్నారు. మైకు వాళ్లకేసి ఒకసారి చూసి, తనూ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఆ బెంచీ చివరే కూర్చున్నాడు.

సూదులమ్మ పదకొండేళ్లు ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డులో నర్సుగా చేసి వచ్చిన మనిషి. మాట కటువు, చెయ్యి మెత్తన. అతని చెంప పక్కకి లాగి భూతద్దంలోంచి చూసింది. సన్నటి పుల్లతో చర్మాన్ని తాకింది.

"ఇక్కడ తెలుస్తోందా బాబాయ్ గారూ?"

"లేదు."

"ఇక్కడ?"

"ఎక్కడ?"

ఆమె పుల్ల పక్కన పెట్టి వెనక్కి వాలింది. "అదే నా భయం. నేను చేసే పని చెప్తాను, వినండి. ఈ సూది వెంట్రుక కన్నా సన్నం. చర్మాన్ని పొడవదు. వెంట్రుక ఏ కన్నంలోంచి బయటికొచ్చిందో అదే కన్నంలోంచి, దాని పక్కనే, వేరు దాకా జారుతుంది. అప్పుడు కొద్దిగా కరెంటు ఇస్తాను. ఉప్పునీళ్లలో కరెంటు పోతే క్షారం పుడుతుంది. తూము పూడుకుంటే పోసే పొడి ఉంటుంది చూడండి, ఆ జాతిది. మన చర్మంలో ఉప్పూ ఉంది, నీరూ ఉంది. సూది దగ్గర చిటికెడులో చిటికెడు క్షారం తయారై, వెంట్రుకని పుట్టించే వేరుని తినేస్తుంది. వేరు చస్తే ఆ కన్నంలో ఇంక మొలవదు. తెలుపా నలుపా దానికి అక్కర్లేదు."

"మరింకేం?" అంది మైకు భార్య.

"మామూలుగా మనిషి 'అబ్బా' అంటే నేను కరెంటు తగ్గిస్తాను. ఈయన చర్మం 'అబ్బా' అనదు. నరాలు తెగిపోయాయి. కాలిపోతున్నా తెలియదు. పైగా నోటి లోపల నేనెప్పుడూ చెయ్యలేదు. గాయం పూర్తిగా మానింది, అక్కడ జబ్బు లేదు, చెయ్యొచ్చు అని కోసినాయన రాసిస్తే చేస్తాను. రాయకపోతే ముట్టుకోను."

"ఆయన రాయడు" అన్నాడు మైకు.

"రాయించుకోండి."

మెట్లు దిగుతూ మైకు పళ్లు కొరికాడు. నోరు బాగు చేయించుకోవడానికి, నోరే తెరిపించని వాడి కాళ్లు పట్టుకోవాలి. రెండు వారాలు ఆ మాటే తల్చుకుని ఇంట్లో తలుపులు ధడాలున వేశాడు. చివరికి భార్యే వెళ్లి పెద్ద డాక్టరుని కలవడానికి తేదీ రాయించుకొచ్చింది.

పెద్ద డాక్టరు సంగతి విని కళ్లద్దాలు తీశాడు. "బ్యూటీ పార్లర్ పనికి నన్ను ఉత్తరం రాయమంటారా? రేపు అక్కడ ఏదైనా అయితే బాధ్యత నాదా?"

మైకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ఆరు నెలలుగా గోడకి చెప్పుకున్న మాటలన్నీ ఒక్కసారిగా నోటికొచ్చాయి. "మీరు..." అన్నాడు. అంతే. ఆవేశంలో పీల్చిన గాలికి పొడుగు వెంట్రుక ఒకటి గొంతులోకి వెళ్లింది. దగ్గు, డోకు, కళ్లవెంట నీళ్లు. రుమాలు అడ్డం పెట్టుకుని వాష్‌బేసిన్ మీదికి వంగిపోయాడు. తిట్టడానికి కూడా ఆ నోరు అతనిది కాకుండా పోయింది.

అప్పుడు అతని భార్య మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నేను దర్జీనండీ. చిరిగిన కోటుకి అతుకు వేసే ముందు గుడ్డని రెండువైపులా తిప్పి చూస్తాను. ముడుచుకుంటుందా, నూగు లేస్తుందా అని. ఏదైనా తేడా ఉంటే గిరాకీకి ముందే చెప్తాను. ఒప్పుకుంటేనే సూది పెడతాను. అది కోటు. మీరు మనిషికి అతుకు వేశారు. నూగున్న వైపు లోపలికి పెట్టి కుట్టారు. చెప్పను కూడా లేదు."

"అమ్మా, ఆ రోజు ప్రాణం ముఖ్యం..."

"ప్రాణం మీరే నిలబెట్టారు. ఆ మేలు చచ్చినా మర్చిపోం. కానీ, డాక్టరుగారూ, మీ కంచంలో ఒక్క వెంట్రుక కనబడితే కంచం అవతలికి తోసేస్తారు. అవునా కాదా? ఈయన ఏది తోసెయ్యాలి? నోటిని ఎక్కడికి తోసెయ్యాలి?"

తలుపు తీసే ఉంది. బయట వరుసలో ఉన్నవాళ్లు మెడలు చాచి చూశారు. చిన్న డాక్టరు కంప్యూటరులోకి తల దూర్చాడు. పెద్ద డాక్టరు చేతికి తొడుగు వేసుకుని, లేచి వచ్చాడు.

"నోరు తెరవండి" అన్నాడు, వెంట్రుకలు మొలిచాక మొట్టమొదటిసారి.

లైటు వేసి, అద్దం పెట్టి, నిమిషం పైగా చూశాడు. అతను ఊపిరి బిగబట్టడం మైకుకి తెలిసింది. వాసనకి. మైకు కావాలనే ఇంకా పెద్దగా తెరిచాడు. డాక్టరు కూర్చుని, చెయ్యొచ్చు, ఒక్కసారిగా ఎక్కువ చెయ్యకూడదు, ప్రతి నెలా తనకి చూపించాలి అని నాలుగు వరుసలు రాసి సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టేదాకా మైకు అతని పెదాలనే చూస్తున్నాడు. క్షమించమన్న మాట వస్తుందేమోనని. రాలేదు.

మొదటి రోజు సూదులమ్మ అతని కుడిచేతిలో చల్లటి ఇత్తడి కడ్డీ పెట్టి గట్టిగా పట్టుకోమంది. "కరెంటు నా సూదిలోంచి వచ్చి, ఇందులోంచి తిరిగి పోవాలి. వదిలితే పని ఆగిపోతుంది." చెంపని పక్కకి లాగి ఉంచడానికి ప్లాస్టిక్ కొక్కెం పెట్టి, కింద గుడ్డముక్కలు కుక్కింది. చర్మం తడిగా ఉంటే కరెంటు వేరు దాకా వెళ్లకుండా పైపైన చెదిరిపోతుందట. రెండు వెంట్రుకలకోసారి గుడ్డలు మార్చాల్సిందే.

నోరు కొక్కెంలో ఉండటంతో మైకు తిట్టలేకపోయాడు. ఎవరూ అతన్ని మాట్లాడించని ముప్పావుగంట అది. ఆమె సూది పెట్టి, మిషను ముల్లు చూసి, పైకే లెక్కపెట్టేది. ముప్ఫై, ముప్ఫై అయిదు, నలభై. సూది చుట్టూ చర్మం తెల్లబడుతోందేమోనని కన్ను ఆర్పకుండా చూసేది. తర్వాత పట్టకారుతో వెంట్రుకని పట్టుకుని ఎత్తేది.

"చూడండి పిన్నిగారూ" అని మొదటిది మైకు భార్యకి చూపించింది. "లాగలేదు. వెన్నలోంచి వచ్చినట్టు జారి వచ్చింది. పట్టుకుని లాగాల్సి వస్తే వేరు చావలేదన్నమాట, మళ్లీ పెట్టాలి."

తెల్లటి వెంట్రుక చివర చిన్న జిగురు గుబ్బ మెరిసింది. మైకు భార్య కళ్లద్దాలు సర్దుకుని, నాణ్యమైన కుట్టుని చూసినట్టు చూసింది. ఆ రోజు తొమ్మిది తీశారు. చెంపకి చిల్లుపడలేదు, కాలలేదు. మూడు రోజులు ఎర్రగా ఉండి తగ్గింది.

వారానికోసారి వెళ్లాడు. తొమ్మిది పన్నెండయ్యాయి, పన్నెండు పదిహేనయ్యాయి. రెండు నెలలకి నాలుక తిప్పితే నున్నటి చోట్లు తగలసాగాయి. మూడో నెల చివర ఒక ఉదయం, శుభ్రం చేసేసిన మూలలోనే మళ్లీ ముళ్లు తేలాయి. ఒకటి కాదు, పదీ పన్నెండు.

మైకు మెట్లు రెండేసి ఎక్కి, బెంచీ మీద ఆడవాళ్లని కూడా చూడకుండా తలుపు తోశాడు. "మోసం! చచ్చాయన్నావు కదమ్మా? చచ్చినవాళ్లు లేచొచ్చారా? నువ్వూ వాళ్ల తానులో ముక్కవే! అందరూ కలిసి నా నోటితో ఆడుకుంటున్నారు!"

సూదులమ్మ అప్పటికి కుర్చీలో ఉన్న ఆమె మీద నుంచి సూది తీసి, మిషను ఆపి, లేచి నిలబడింది. ఆమె ముఖం అతని ముఖం కన్నా ఎర్రగా ఉంది.

"అరవకండి! కోసింది నేను కాదు, కుట్టింది నేను కాదు, చెప్పకుండా దాచింది నేను కాదు. మీ మీద నవ్వినవాళ్లలోనూ నేను లేను. వారం వారం మెడ విరిగేలా వంగి మీ నోట్లో చూస్తున్నది నేను. అరిస్తే పడతానని నా దగ్గర అరుస్తున్నారా? అక్కడ అరవలేక?"

మైకు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వెంట్రుకలన్నీ ఒక్కసారే పైకి రావు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని లోపల నిద్రపోతుంటాయి. నిద్రపోతున్నదాని వేరు సూదికి దొరకదు. లేచినప్పుడే కొట్టాలి. ఇప్పుడు వచ్చినవి కొత్త వరస. నేను తీసినవి కావు. ఇవీ పోతాయి, తర్వాత ఇంకో వరస లేస్తుంది, అదీ పోతుంది. ఏడాది పడుతుందని మొదటిరోజే చెప్పాను. మీరు వినలేదు, మీ కోపం వింటున్నారు. ఇప్పుడు బయట కూర్చోండి. ఈవిడ వంతు అయ్యాక మీది."

కుర్చీలో ఉన్నావిడ సగం గడ్డం మీద ఎర్రటి చుక్కలతో, కప్పుకోవడానికి ఏమీ అందక, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఉంది. మైకు ఆమెని చూశాడు. తను గోడవైపు తిరిగి తినడం గుర్తొచ్చింది. తలుపు చప్పుడు కాకుండా వేసి బయట కూర్చున్నాడు. తన వంతు వచ్చాక, కొక్కెం పెట్టేలోపు, "నీ మీద కాదమ్మా" అన్నాడు. "తెలుసు. నోరు తెరవండి" అంది ఆమె.

ఏడాది మీద రెండు నెలలు పట్టింది. చివరి నాలుగు నెలల్లో వెళ్లినప్పుడల్లా రెండో మూడో మాత్రమే దొరికేవి. ఆ తర్వాత ఏమీ దొరకలేదు. తిండి తిండిలా తినగలిగాడు. మాట చాలావరకు సర్దుకుంది. స్టేషన్‌లో మాత్రం రికార్డింగే స్థిరపడిపోయింది. యంత్రానికి ఆలస్యాలు తెలియవు కాబట్టి, బస్సులు వేళ తప్పిన రోజుల్లో మాత్రం మేనేజరు అతన్ని పిలిచేవాడు. అవసరానికి పిలుస్తున్నారని మైకుకి ఆ పిలుపు మీదా కోపమే. వెళ్లేవాడు, కానీ మేనేజరు ముఖం చూసేవాడు కాదు.

అన్నిటికన్నా పెద్ద కోపం ఇంకా తీరలేదు. అది పట్టుకుని ప్రతి బుధవారం ఆసుపత్రికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు రోగులు ముందుగా సంతకాలు పెట్టే రోజది. బెంచీ మీద కూర్చుని, పక్కవాళ్ల కాగితాలు చూసి, అడిగినా అడగకపోయినా తన కథ చెప్పేవాడు. నర్సు రెండుసార్లు పంపేసింది. మూడోసారి పెద్ద డాక్టరే బయటికి వచ్చాడు.

"మీరు నా పేషెంట్లని భయపెడుతున్నారు."

"భయపడనీ. భయపడితే అడుగుతారు. అడిగితే మీరు చెప్తారు. నేను భయపడలేదు, అడగలేదు, మీరు చెప్పలేదు."

"అందరికీ అలా జరగదు."

"నాకు జరిగింది. నాకు చెప్పడానికి మీకు ఎంతసేపు పట్టేది? 'ఈ చర్మానికి వెంట్రుకలున్నాయి, అక్కడా మొలుస్తాయి, వేరే దారి ఉందేమో చూద్దాం.' అంతేగా! లెక్కపెట్టి చూశాను. బస్సు వచ్చిందని చెప్పేంత సేపు పట్టదు."

ఆ రోజు వరుసలో ముందున్నవాడు ఇళ్లకి రంగులు వేసేవాడు. నాలుక పక్కన పుండు. చేతులనిండా సున్నం మరకలు, వాటి కింద దట్టంగా వెంట్రుకలు. ఇద్దరి మాటలూ వింటూ కూర్చున్నవాడు మెల్లగా లేచాడు.

"నాకు ఎక్కడి చర్మం పెడతారు సార్?" అన్నాడు. "దాని మీద ఇవి ఉంటాయా?"

డాక్టరు మైకుని చూసిన చూపులో మంట ఉంది. అయినా రంగులవాణ్ణి లోపలికి పిలిచాడు. తలుపు మూయలేదు. అతన్ని కూర్చోబెట్టి, మోచేతి కింద పట్టుకుని, చెయ్యి వెల్లకిలా తిప్పి, లోపలివైపు లైటు వేసి చూశాడు. ఇక్కడ వెంట్రుకలు తక్కువ, ఇక్కడి నుంచి తీయొచ్చు, అయినా కొన్ని రావచ్చు అని వేలితో చూపిస్తూ చెప్పసాగాడు. పావుగంట చెప్పాడు. రంగులవాడు బుద్ధిగా తల ఊపుతూ విన్నాడు, చివర్న పెన్ను అందుకున్నాడు.

బెంచీ మీద మైకు లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్, సంతకం అప్పుడే పెట్టకు! ఏ చెయ్యి కోస్తారో అడగవయ్యా! నువ్వు బ్రష్ పట్టుకునే చెయ్యి ఏదో ముందు ఆయనకి చెప్పు!"